క్రియాటినిన్ కాస్త పెరిగిందని మాత్ర ఆపేయాలా?

"నాన్నకి కొత్త మాత్ర మొదలుపెట్టాక క్రియాటినిన్ 1.2 నుంచి 1.5 అయిందండీ. కిడ్నీలు పాడవుతున్నాయేమోనని భయమేసి ఆపేయమన్నాం." అమెరికాలో ఆస్పత్రి ఫార్మసిస్టుగా పనిచేస్తున్న నాకు మన తెలుగు కుటుంబాల నుంచి తరచూ వినిపించే మాట ఇది. ఊరి నుంచి రిపోర్టు ఫొటో వాట్సాప్‌లో వస్తుంది. ఒక అంకె పక్కన ఎర్ర గుర్తు ఉంటుంది. ఇక్కడ మనకి కాళ్ళు చేతులు ఆడవు. వెంటనే ఫోన్ చేసి "ముందు ఆ మాత్ర ఆపండి" అంటాం.

చాలాసార్లు అలా ఆపించిన మాత్రే కిడ్నీనీ గుండెనీ కాపాడుతున్న మాత్ర. మోకాళ్ళ నొప్పులకని రోజూ వేసుకునే మాత్ర గురించి మాత్రం ఎవరూ అడగరు. కాపాడేదాన్ని ఆపి, హాని చేసేదాన్ని కొనసాగిస్తే రెండు మూడేళ్ళలో డయాలసిస్ మాట వినాల్సి రావచ్చు. అందుకే ఈ మందులు ఏం చేస్తాయో, ఏ అంకెకి భయపడాలో, ఏ అంకెకి భయపడక్కర్లేదో వివరంగా రాస్తున్నాను.

ముందు రిపోర్టు చదవడం తెలియాలి

క్రియాటినిన్ అనేది కండరాల నుంచి రక్తంలోకి వచ్చే వ్యర్థం. కిడ్నీలు దాన్ని మూత్రంలోకి పంపేస్తాయి. వడపోత తగ్గితే రక్తంలో అది పెరుగుతుంది. కానీ ఒక్క క్రియాటినిన్ చూసి నిర్ణయానికి రాకూడదు. 1.2 అనే అంకె కండబలం ఉన్న 35 ఏళ్ళ కుర్రాడికి మామూలే కావచ్చు. సన్నగా ఉండే 75 ఏళ్ళ బామ్మగారికి అదే అంకె ఉంటే, ఆవిడ కిడ్నీల పని సగానికి దగ్గరగా తగ్గిందని అర్థం. అందుకే వయసు, ఆడా మగా అన్నది కలిపి లెక్కకట్టిన ఈజీఎఫ్ఆర్ చూడాలి. 90 పైన ఉంటే బాగున్నట్టు. 60 కంటే తక్కువగా మూడు నెలలకి పైగా ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు. 15 కంటే తగ్గితే డయాలసిస్, కిడ్నీ మార్పిడి మాటలు వస్తాయి.

రెండో పరీక్ష చాలామంది చేయించనిది. మూత్రంలో అల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి. గ్రాముకి 30 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. 300 దాటితే కిడ్నీకే కాదు, గుండెకీ ముప్పు ఎక్కువ. షుగర్ ఉన్నవాళ్ళలో క్రియాటినిన్ ఇంకా మామూలుగా ఉండగానే ఈ పరీక్ష ప్రమాదాన్ని పట్టిస్తుంది.

బ్రిటన్, మలేషియా, దక్షిణాఫ్రికాలలో ఉన్నవాళ్ళకి ఒక మాట. అక్కడ క్రియాటినిన్‌ని మైక్రోమోల్స్‌లో ఇస్తారు. 110 అని చూసి కంగారు పడకండి. దాన్ని 88.4తో భాగిస్తే సుమారు 1.24 వస్తుంది. ఇండియా రిపోర్టుతో పోల్చాలంటే ముందు ఈ లెక్క చేయాలి.

బీపీ మాత్ర కిడ్నీని ఎలా కాపాడుతుంది?

ఒక్కో కిడ్నీలో దాదాపు 10 లక్షల చిన్న జల్లెడలు ఉంటాయి. ఒక్కో జల్లెడకి రక్తం తెచ్చే నాళం ఒకటి, తీసుకుపోయే నాళం ఒకటి. షుగర్, బీపీ ఏళ్ళ తరబడి ఉన్నప్పుడు జల్లెడలో ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడికి మొదట్లో వడపోత ఎక్కువగానే జరుగుతుంది, రిపోర్టు బాగానే కనిపిస్తుంది. లోపల మాత్రం జల్లెడ చిల్లులు పడుతూ ఉంటుంది. మూత్రంలోకి అల్బుమిన్ కారడం అప్పుడే మొదలవుతుంది.

పేరు చివర "ప్రిల్" వచ్చే మందులు, అంటే రామిప్రిల్, లిసినోప్రిల్ వంటివి, "సార్టాన్" వచ్చే మందులు, అంటే టెల్మిసార్టాన్, లోసార్టాన్ వంటివి, రక్తాన్ని తీసుకుపోయే నాళాన్ని వెడల్పు చేస్తాయి. జల్లెడ మీద ఒత్తిడి తగ్గుతుంది. ఒత్తిడి తగ్గింది కాబట్టి వడపోత కూడా కాస్త తగ్గి, క్రియాటినిన్ కొంచెం పైకి వెళ్తుంది. అంటే ఆ చిన్న పెరుగుదల మందు పనిచేస్తోందనడానికి గుర్తు కావచ్చు.

1993లో వచ్చిన క్యాప్టోప్రిల్ అధ్యయనంలో చిన్న వయసులో వచ్చే రకం షుగర్ ఉన్న 409 మందిని చూశారు. క్రియాటినిన్ రెండింతలయ్యే ముప్పు 48 శాతం తగ్గింది. 2001లో మనలో ఎక్కువమందికి ఉండే టైప్ 2 షుగర్ రోగులు 1,513 మందిలో లోసార్టాన్‌ని పరీక్షించారు. కిడ్నీలు పూర్తిగా విఫలమయ్యే ముప్పు 28 శాతం తగ్గింది.

మరి ఎంత పెరిగితే ఫరవాలేదు? అంతర్జాతీయ కిడ్నీ మార్గదర్శకాల ప్రకారం, మందు మొదలుపెట్టిన లేదా డోసు పెంచిన నాలుగు వారాల్లోపు క్రియాటినిన్ 30 శాతం దాకా పెరిగినా మందు కొనసాగించవచ్చు. పైన చెప్పిన నాన్నగారి లెక్క చూడండి. 1.2 నుంచి 1.5కి పెరగడం అంటే 25 శాతం. అంటే హద్దులోనే ఉంది. 1.2 నుంచి 1.7 అయితే 40 శాతం దాటినట్టు. అప్పుడు డాక్టరు కారణం వెతకాలి. ఒంట్లో నీరు తగ్గిందా, నొప్పి మాత్రలు వాడుతున్నారా, కిడ్నీకి వెళ్ళే రక్తనాళం సన్నబడిందా అని చూస్తారు. ఈ మందులు మొదలుపెట్టిన రెండు నుంచి నాలుగు వారాల్లో క్రియాటినిన్, పొటాషియం పరీక్ష చేయించడం అందుకే తప్పనిసరి.

"కిడ్నీ బాగా దెబ్బతిన్నాకైనా ఆపితే మంచిది కదా?" అనే ప్రశ్న డాక్టర్లలోనూ చాలాకాలం ఉండేది. బ్రిటన్‌లో ఈజీఎఫ్ఆర్ 30 కంటే తక్కువ ఉన్న 411 మందితో చేసిన అధ్యయనం ఫలితాలు 2022లో వచ్చాయి. సగం మందికి ఈ మందులు ఆపారు, సగం మందికి కొనసాగించారు. మూడేళ్ళ తర్వాత చూస్తే ఆపినవాళ్ళ కిడ్నీలు ఏమీ మెరుగవలేదు. ఆపినవాళ్ళలో 62 శాతం, కొనసాగించినవాళ్ళలో 56 శాతం కిడ్నీ వైఫల్యం దాకా వెళ్ళారు. ఆ తేడా యాదృచ్ఛికం కూడా కావచ్చు. కానీ ఆపితే కిడ్నీ బాగుపడుతుందన్న నమ్మకానికి మాత్రం ఆధారం దొరకలేదు.

షుగర్ మాత్రగా వచ్చి కిడ్నీ మందు అయినవి

డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ పేర్లు ఇప్పుడు చాలా ఇళ్ళలో వినిపిస్తున్నాయి. ఇవి మొదట షుగర్ మందులే. మూత్రంలోకి చక్కెరని వదిలేస్తాయి. షుగర్ మందు గుండెకి హాని చేయదని నిరూపించాలన్న నియమం వల్ల కంపెనీలు పెద్ద అధ్యయనాలు చేయాల్సి వచ్చింది. 2015లో ఎంపాగ్లిఫ్లోజిన్ ఫలితాలు చూసి అందరూ ఆశ్చర్యపోయారు. షుగర్‌తో పాటు గుండెజబ్బు కూడా ఉన్న 7,020 మందిలో, హృద్రోగ మరణాలు 38 శాతం తగ్గాయి.

కిడ్నీ విషయంలో 2020లో వచ్చిన డపాగ్లిఫ్లోజిన్ అధ్యయనం ముఖ్యమైనది. 4,304 మంది కిడ్నీ రోగులు, వాళ్ళలో మూడోవంతు మందికి షుగరే లేదు. సుమారు రెండు సంవత్సరాల ఐదు నెలల్లో కిడ్నీ సగానికి పైగా దెబ్బతినడం, కిడ్నీ వైఫల్యం, కిడ్నీ లేదా గుండె కారణంగా మరణం వంటివి ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో 14.5 శాతం మందికి వచ్చాయి. మందు వేసుకున్నవాళ్ళలో 9.2 శాతం మందికే వచ్చాయి. అంటే 19 మంది వేసుకుంటే వాళ్ళలో ఒకరికి ఆ ఆపద తప్పింది. వీళ్ళలో దాదాపు అందరూ ప్రిల్ లేదా సార్టాన్ మందు కూడా వాడుతున్నవాళ్ళే. దాని మీద అదనంగా వచ్చిన లాభం ఇది.

ఇదే అధ్యయనంలోని ఇంకో లెక్క మన అసలు ప్రశ్నకి జవాబు చెబుతుంది. మొదటి రెండు వారాల్లో మందు వేసుకున్నవాళ్ళ ఈజీఎఫ్ఆర్ దాదాపు 4 పాయింట్లు పడిపోయింది. ఉత్తుత్తి మాత్రవాళ్ళకి ఒక పాయింటు కూడా తగ్గలేదు. ఆ రెండు వారాల రిపోర్టు చూసి ఎవరైనా మందు ఆపేయమంటారు! కానీ ఆ తర్వాత మందు వేసుకున్నవాళ్ళకి ఏడాదికి 1.7 పాయింట్ల చొప్పున తగ్గితే, వేసుకోనివాళ్ళకి 3.6 పాయింట్ల చొప్పున తగ్గింది. లెక్క వేస్తే ఏడాదిన్నర దాటాక ఇద్దరూ సమానమవుతారు. అక్కడి నుంచి మందు వేసుకున్నవాళ్ళు ముందుంటారు. ఏటేటా ఆ తేడా పెరుగుతూ పోతుంది. రెండో వారం రిపోర్టుకి భయపడి ఆపినవాళ్ళకి ఈ లాభం దక్కదు.

ఇవి కాక ఫినెరినోన్ అనే మందు, బరువు తగ్గడానికి పేరు పడిన సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ కూడా టైప్ 2 షుగర్ ఉన్న కిడ్నీ రోగులకి మేలు చేస్తాయని పెద్ద అధ్యయనాల్లో తేలింది. సెమాగ్లుటైడ్ ఫలితాలు 2024లో వచ్చాయి. 3,533 మందిలో పెద్ద కిడ్నీ ప్రమాదాలు, గుండె మరణాలు కలిపి 24 శాతం తగ్గాయి.

కిడ్నీ, గుండె ఒకే బండికి రెండు ఎద్దులు

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళలో చాలామంది డయాలసిస్ దాకా వెళ్ళకుండానే గుండెజబ్బుతో పోతారు. అందుకే కిడ్నీ డాక్టరు కొలెస్ట్రాల్ మాత్ర కూడా రాస్తారు. "కిడ్నీకి చూపిస్తే కొలెస్ట్రాల్ మాత్ర ఎందుకు?" అని దాన్ని పక్కన పెట్టేయకండి. 2011లో 9,000 మందికి పైగా కిడ్నీ రోగుల్లో చేసిన అధ్యయనంలో కొలెస్ట్రాల్ తగ్గించే మందులు గుండెపోటు, పక్షవాతం వంటి పెద్ద ప్రమాదాల్ని 17 శాతం తగ్గించాయి.

గుండె బలహీనపడినవాళ్ళకి ఇచ్చే స్పైరొనోలాక్టోన్ కథ మనకి మంచి పాఠం. 1999లో 1,663 మంది మీద జరిగిన అధ్యయనంలో ఇది మరణాల్ని 30 శాతం తగ్గించింది. దాంతో డాక్టర్లు విరివిగా రాయడం మొదలుపెట్టారు. కెనడాలోని ఒంటారియోలో 1994లో ఇలాంటి వృద్ధ రోగుల్లో పొటాషియం పెరిగి ఆస్పత్రిలో చేరినవాళ్ళు వెయ్యికి 2.4 మంది. 2001 నాటికి అది 11 అయింది. అధ్యయనంలో ఉన్నవాళ్ళకి క్రమం తప్పకుండా రక్తపరీక్షలు చేశారు. బయట చాలామందికి అలా జరగలేదు. మందు అదే, దాని వెనక ఉండాల్సిన పరీక్ష లేకపోవడం వల్ల వచ్చిన ముప్పు అది. పొటాషియం బాగా పెరిగితే గుండె లయ తప్పుతుంది. క్రియాటినిన్ కంటే నేను ముందు చూసే అంకె పొటాషియమే. 5.5 దాటితే డాక్టరుకి వెంటనే చెప్పాలి. 6 దాటితే అదే రోజు ఆస్పత్రికి వెళ్ళాలి.

సూట్‌కేసులో వచ్చే ప్రమాదాలు

అమ్మానాన్నలు ఆరు నెలలకి వస్తే మందులన్నీ సంచిలో కట్టుకుని వస్తారు. ఆ సంచి ఒకసారి బల్ల మీద పోసి చూడండి.

మొదటిది నొప్పి మాత్రలు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, నిమెసులైడ్ మన ఊళ్ళలో మందుల షాపులో అడిగితే చాలు, ఇచ్చేస్తారు. వొవెరాన్, జెరోడాల్, కాంబిఫ్లామ్ పేర్లతో ఉండేవి ఈ కోవలోవే. అమెరికాలో అడ్విల్, మోట్రిన్, అలీవ్ కూడా ఇలాంటివే. ఇవి కిడ్నీకి రక్తం తెచ్చే నాళాన్ని బిగిస్తాయి. ప్రిల్ లేదా సార్టాన్ మాత్ర, నీటి మాత్ర, నొప్పి మాత్ర మూడూ కలిస్తే కిడ్నీ ఒక్కసారిగా చతికిలపడవచ్చు. గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకి ఒంట్లో నీరు చేరుతుంది. నొప్పికి పారాసిటమాల్ మేలు. ఇండియాలో డోలో అన్నా, అమెరికాలో టైలెనాల్ అన్నా ఇదే మందు. రోజుకి ఎంత మించకూడదో డాక్టరుని అడగండి. మోకాలికి పైపూతగా రాసే జెల్ వాడితే ఒంట్లోకి చేరే మందు చాలా తక్కువ.

రెండోది ఒకే పని చేసే రెండు మందులు. నాన్నగారు ఊరి నుంచి టెల్మా తెచ్చుకున్నారు, అది టెల్మిసార్టాన్. ఇక్కడ బీపీ పెరిగితే డాక్టరు లిసినోప్రిల్ రాశారు. పేర్లు వేరు కాబట్టి రెండూ వేసుకుంటున్నారు. 2008లో వచ్చిన పెద్ద అధ్యయనంలో టెల్మిసార్టాన్, రామిప్రిల్ కలిపి వాడితే అదనపు లాభం ఏమీ రాలేదు, కిడ్నీ ఇబ్బందులు మాత్రం పెరిగాయి. పేరు పక్కన ఉండే అక్షరాలూ చూడండి. టెల్మా హెచ్ అంటే అందులో నీటి మాత్ర కూడా ఉంది. టెల్మా ఏఎం అంటే ఆమ్లోడిపిన్ కూడా ఉంది. ఆమ్లోడిపిన్‌తో కాళ్ళ వాపు రావడం మామూలే. ఆ వాపు చూసి కిడ్నీ పోయిందని బెంబేలెత్తి, ఇంకో నీటి మాత్ర మొదలుపెట్టినవాళ్ళు ఉన్నారు.

మూడోది వంటింటిది. ఉప్పు తగ్గించాలని కొందరు తక్కువ సోడియం ఉప్పు కొంటారు. అందులో సోడియం బదులు ఉండేది పొటాషియం. సార్టాన్ లేదా స్పైరొనోలాక్టోన్ వాడే కిడ్నీ రోగికి అది ప్రమాదం. కొబ్బరి నీళ్ళలోనూ పొటాషియం ఎక్కువే. ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలతో ఉప్పు పెరిగితే ఈ మందుల పని తగ్గుతుంది. ఊరగాయ పూర్తిగా మానకపోయినా, రోజూ మూడు పూటలా వద్దు. రోజంతా కలిపి ఉప్పు ఒక చెంచా, అంటే 5 గ్రాములు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఇక "కిడ్నీని శుభ్రం చేసే" పొడులు, భస్మాలు. వీటిలో కొన్నింటిలో సీసం, పాదరసం ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. ఏది వాడుతున్నా డాక్టరుకి దాచకండి.

కొన్ని రోజులు నిజంగా ఆపాల్సిన సందర్భాలు

వాంతులు, విరేచనాలు పట్టుకుని ఏమీ తాగలేకపోతే ప్రిల్, సార్టాన్, నీటి మాత్ర, గ్లిఫ్లోజిన్, మెట్‌ఫార్మిన్ తాత్కాలికంగా ఆపి, మళ్ళీ మామూలుగా తిని తాగడం మొదలయ్యాక వేసుకోమని డాక్టర్లు చెబుతుంటారు. మీకు ఏవి ఆపాలో ముందే అడిగి కాగితం మీద రాయించుకోండి. మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలో కూడా రాయించుకోండి. ఆపినవాళ్ళలో చాలామంది తిరిగి మొదలుపెట్టరు.

ఉపవాసాలు ఉండే పెద్దలకి ఇంకో జాగ్రత్త. ఏకాదశికో, శివరాత్రికో రోజంతా ఏమీ తినకుండా గ్లిఫ్లోజిన్ మాత్ర వేసుకుంటే, ముఖ్యంగా ఇన్సులిన్ వాడే షుగర్ రోగుల్లో, రక్తంలో కీటోన్లు పెరిగి ప్రాణం మీదకి రావచ్చు. గ్లూకోమీటర్‌లో షుగర్ అంత ఎక్కువ కనిపించకపోయినా ఇది జరుగుతుంది. అన్నం పూర్తిగా మానేసే ఆహార పద్ధతులకీ ఇదే వర్తిస్తుంది. ఆపరేషన్ ఉంటే మూడు రోజుల ముందు ఈ మందు ఆపాలి. జననాంగాల దగ్గర దురద, ఇన్ఫెక్షన్ రావడం వీటి మామూలు ఇబ్బంది. అమ్మలు సిగ్గుపడి చెప్పరు, మాత్ర మానేస్తారు. మీరే అడగండి. శుభ్రంగా కడుక్కోవడం, చిన్న మందుతో అది తగ్గుతుంది. పిల్లలు కావాలనుకుంటున్న ఆడపిల్లలు ప్రిల్, సార్టాన్ మందులు వాడుతుంటే ముందే డాక్టరుకి చెప్పాలి. అవి గర్భంలో బిడ్డకి హాని చేస్తాయి.

గల్ఫ్‌లో ఎండలో పనిచేసే మన అన్నదమ్ములకి ఈ విషయం మరీ ముఖ్యం. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 వరకు ఆరుబయట పని నిషేధం ఉన్నా, మిగతా గంటల ఎండ తక్కువేమీ కాదు. చెమటకి నీరు పోయిన ఒంటితో, ఒళ్ళునొప్పులకి నొప్పి మాత్ర వేసుకోవడం కిడ్నీకి రెండు దెబ్బలు ఒకేసారి కొట్టడమే.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి వచ్చినవాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాలి. అక్కడి కిడ్నీ జబ్బు షుగర్, బీపీ లేనివాళ్ళకీ వస్తోంది, మూత్రంలో అల్బుమిన్ పెద్దగా కనిపించకుండానే ముదురుతోంది. మూత్ర పరీక్ష బాగుందని ఊరుకోకుండా, ఇంట్లో అందరికీ ఏడాదికోసారి క్రియాటినిన్ పరీక్ష చేయించండి.

ఈ వారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు

"ఎలా ఉన్నారు, మందులు వేసుకుంటున్నారా?" అంటే "ఆ, వేసుకుంటున్నాం" అనే జవాబే వస్తుంది. దాని బదులు ఇవి అడగండి.

మాత్రల అట్టలన్నీ, నొప్పి మాత్రలతో సహా, ఫొటో తీసి పంపమనండి. గత రెండేళ్ళ క్రియాటినిన్, ఈజీఎఫ్ఆర్, పొటాషియం తేదీలతో ఒక కాగితం మీద వరసగా రాయండి. ఒక్క రిపోర్టు కంటే ఆ వరస ఎక్కువ చెబుతుంది. మూత్రంలో అల్బుమిన్ పరీక్ష ఎప్పుడు చేశారో కనుక్కోండి. షుగర్ ఉండి, అల్బుమిన్ కారుతూ ఉండి, ప్రిల్ లేదా సార్టాన్, గ్లిఫ్లోజిన్ రెండూ లేకపోతే, "ఇవి మా నాన్నగారికి పనికొస్తాయా?" అని డాక్టరుని మర్యాదగా అడగండి. మీ దగ్గరికి వచ్చే ముందే ఈ పరీక్షలన్నీ అక్కడ చేయించండి. సందర్శకుల బీమా పాత జబ్బులకి చాలావరకు డబ్బు ఇవ్వదు.

క్రియాటినిన్ పెరిగిన రిపోర్టు వస్తే ముందు ఎంత శాతం పెరిగిందో లెక్క కట్టండి, పొటాషియం ఎంతో చూడండి, నొప్పి మాత్రలు వాడారా, వాంతులు విరేచనాలు ఏమైనా అయ్యాయా అని అడగండి. ఈ నాలుగూ రాసుకుని, మందు రాసిన డాక్టరుకే ఫోన్ చేయండి. ఒక్కో రోగి పరిస్థితి వేరు కాబట్టి ఆపాలా కొనసాగించాలా అన్నది వారే చెప్పాలి. ఆ మాట వచ్చేదాకా వేల మైళ్ళ దూరం నుంచి మనం ఏ మాత్రనీ ఆపించవద్దు.